చీటీ వచ్చిన పుస్తకమే ముందు

పెద్దపల్లి



కరీంనగర్‌లో కొలువులో చేరి నెల తిరగకముందే మీ ప్రిన్సిపాల్ సారు "మన లైబ్రరీలో పాత పుస్తకాలన్నీ డిజిటల్ చేసేద్దాం, ప్రపోజల్ రాయమ్మా" అన్నాడని ఫోన్‌లో సంబురంగా చెప్పావు. నేను ఊ కొట్టి ఊరుకున్నాను. నచ్చక కాదు, అది ఫోన్‌లో తెగే ముచ్చట కాదు. అందుకే కూర్చుని రాస్తున్నా. లైబ్రరీ సైన్సులో రంగనాథన్ అయిదు సూత్రాలు నువ్వు పరీక్షలో రాసే వచ్చావు కనుక అవి వల్లించను. నీ పుస్తకాల్లో లేనివే చెప్తా.

ప్రపోజల్‌లో "అన్నీ" అనే మాట ఉంటే ముందు దాన్ని కొట్టెయ్. ఎవరైనా చీటీ రాసి అడిగిన పుస్తకాన్నే స్కాన్ చెయ్. వాళ్ళకు ఫైలు చాలంటే ఫైలివ్వు, కాగితం మీద కావాలంటే అచ్చు తీసి కుట్టించి ఇవ్వు. అయితే చేసిన ఆ ఒక్క పుస్తకాన్ని మళ్ళీ ఎవరూ స్కానర్ ఎక్కించాల్సిన అవసరం రాకుండా చెయ్. నేను చెప్పేదంతా ఇంతే. మిగతాదంతా ఇది ఎందుకు, ఎట్లా అన్నదే.

"అన్నీ" చేసే ప్రయత్నం మన దేశంలో ఒకసారి జరిగింది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, కంప్యూటర్ శాస్త్రంలో 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి గారు పది లక్షల పుస్తకాలు స్కాన్ చేసి జనానికి ఉచితంగా ఇవ్వాలని తలపెట్టారు. అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం, బెంగళూరులో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్, హైదరాబాద్‌లో ట్రిపుల్ ఐటీ దానికి భుజం పట్టాయి. మన దేశంలో అది డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అయింది. 2000 తర్వాత కొన్నేళ్ళ పాటు అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీ లాంటి చోట్ల బీరువాలకు బీరువాలే మినోల్టా స్కానర్ల కిందికి వెళ్ళాయి. ఆ పని జరగకపోతే ఇవాళ తెలుగులో పరిశోధన చేసేవాళ్ళ గతి ఏమయ్యేదో ఊహించలేను. కాబట్టి దాన్ని తప్పుపట్టే ముందు ఒక దండం పెట్టాలి.

దండం పెట్టాక, అందులో ఒక పుస్తకం తెరిచి చూడు. తెలుగు పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో, మధ్యమధ్య కామాలతో, ఎవరూ వెతకని తీరులో టైపు చేసి ఉంటుంది. రచయిత గడిలో చాలాచోట్ల "లభ్యం కాదు" అని ఉంటుంది, అట్ట మీద పేరు పెద్ద అక్షరాల్లో కనిపిస్తూనే ఉన్నా. పేజీలు పూర్తి నలుపు తెలుపుల్లో తీశారు, బూడిద రంగు ఛాయలు లేవు. దానివల్ల ఇంగ్లిష్‌కు పెద్ద నష్టం లేదు కానీ తెలుగుకు ఉంది. అడుగున సన్నని గీత ఎగిరిపోతే ఫ కాస్తా ప అవుతుంది, సిరా పేరుకుంటే వత్తు ముద్దవుతుంది, అరసున్న కాగితం మరకలో కలిసిపోతుంది. లక్షల పుస్తకాల లెక్క చూపాల్సిన చోట ఒక్కో పేజీ దగ్గర ఆగే తీరిక ఎవరికీ ఉండదు. కాపీరైట్ చిక్కుల వల్ల కొన్నాళ్ళకు ఆ వెబ్‌సైటే మూతపడింది. కార్ల్ మాలముద్ అనే అమెరికన్ ముందుచూపుతో ఆ ఫైళ్ళను ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి ఎక్కించబట్టి సరిపోయింది. లేకపోతే మన సొమ్ముతో, మన లైబ్రరీల్లో జరిగిన ఆ పని మనకే దొరికేది కాదు.

దీనికి సరిగ్గా ఎదురు దారి యూరప్‌లో పట్టారు. ఆస్ట్రియాలో ఇన్స్‌బ్రుక్ విశ్వవిద్యాలయం లైబ్రరీ ముందుండి 2006లో మొదలుపెట్టిన ఏర్పాటది. 'ఈబుక్స్ ఆన్ డిమాండ్' అంటారు. లైబ్రరీ కేటలాగ్‌లో పాత పుస్తకం పక్కన ఒక మీట ఉంటుంది. చదువరి దాన్ని నొక్కుతాడు. పేజీలను బట్టి ఎంతవుతుందో లైబ్రరీ చెప్తుంది. సరేనంటే స్కాన్ చేసి పంపుతుంది, కావాలంటే అచ్చు వేయించి కూడా పంపుతుంది. కొన్నాళ్ళయ్యాక అదే ఫైలు లైబ్రరీ డిజిటల్ భాండారంలో అందరికీ తెరుచుకుంటుంది. ఒకరు పైసలు కట్టి అడిగింది తర్వాత ఊరందరిదీ అవుతుందన్నమాట. ఇందులో నాకు నచ్చింది మీట కాదు. పుస్తకాన్ని ఎంచుకునే పని ఏ కమిటీకీ అప్పగించలేదు, చదువరికి వదిలేశారు. అది నచ్చింది.

అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయం లైబ్రరీ 2008లో ఎస్ప్రెస్సో బుక్ మెషీన్ అనే యంత్రం తెచ్చిపెట్టింది. ఫైలు ఇస్తే కొన్ని నిమిషాల్లో అట్టతో సహా పుస్తకం బయటికొచ్చేది. దాన్ని తలచుకుని నిట్టూర్చకు. అట్లాంటి యంత్రానికి పెట్టే డబ్బుతో మన దగ్గర ఒక బైండరుకు ఏళ్ళ తరబడి పని కల్పించవచ్చు. అయినా అడిగినప్పుడు అచ్చు తీసివ్వడం మన దేశానికి తెలియని ముచ్చటేమీ కాదు. నోయిడాలోని ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీ-డాక్ వాళ్ళు "ద్వారే ద్వారే జ్ఞాన్ సంపద" పేరుతో ఒక వ్యానులో ఇంటర్నెట్, ప్రింటరు, బైండింగ్ సామాను పెట్టుకుని, జనం ముందే పుస్తకాలు అచ్చు తీసి ఇచ్చారు. వ్యాను తిరిగిన చోట అది పనికొచ్చినప్పుడు, కదలకుండా ఒకచోట ఉన్న నీ లైబ్రరీలో ఎందుకు పనికిరాదు?

ఇక మన దగ్గర చీటీలు ఎవరు రాస్తారు, ఏమని రాస్తారు? శాతవాహన విశ్వవిద్యాలయం 2008లో వచ్చాక మన చుట్టుపక్కల పీజీ పిల్లలు, పరిశోధన పిల్లలు పెరిగారు. ధూళికట్ట మీద పని చేసేవాళ్ళు, పెద్దబంకూరు నాణేల గురించి అడిగేవాళ్ళు, కోటిలింగాల అనేవాళ్ళు వస్తారు. వాళ్ళకు పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారు కరీంనగర్ జిల్లా శాసనాల మీద కూర్చిన 1974 నాటి సంపుటం కావాలి, వి.వి. కృష్ణశాస్త్రి గారి 1983 నాటి పుస్తకం కావాలి. రెండూ బజారులో దొరకవు. ఓదెల మల్లన్న జాతర మీద ప్రాజెక్టు చేసే అమ్మాయికి 1961 జనాభా లెక్కల వాళ్ళు జిల్లాలవారీగా వేసిన జాతరలు, పండుగల సంపుటాలు కావాలి. ఇంకొకరికి గోలకొండ పత్రికలో ఏదో సంచిక కావాలి. రిటైరైన తెలుగు సారు ఒకాయన వచ్చి తాను చిన్నప్పుడు చదివిన శతకం అడుగుతాడు, పేరు సగమే గుర్తుంటుంది. ఆయన్ని విసుక్కోకు. అటువంటివాళ్ళు తెచ్చే చీటీలే మనకు తెలియని పుస్తకాలను బయటపెడతాయి.

చీటీ చేతికి రాగానే స్కానర్ దగ్గరికి పరుగెత్తకు. అది ఇప్పటికే ఎక్కడైనా ఉందేమో వెతుకు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో మామూలు తెలుగు పేరుతో దొరక్కపోతే, ఇంగ్లిష్ అక్షరాల్లో రకరకాలుగా రాసి చూడు. పాత పత్రికలు, భారతి సంచికలు ప్రెస్ అకాడెమీ వాళ్ళు స్కాన్ చేయించి పెట్టారు. సిద్ధాంత గ్రంథాలకు శోధగంగ ఉంది. 2009 యూజీసీ నిబంధన వచ్చాక కొత్త పీహెచ్‌డీలు ఎలక్ట్రానిక్ రూపంలో ఇవ్వక తప్పడం లేదు. పాతవి కూడా చాలా విశ్వవిద్యాలయాలు ఎక్కించాయి. జనాభా లెక్కల పాత సంపుటాలు సెన్సస్ వాళ్ళ సైట్‌లోనే దొరుకుతాయి. ఇంగ్లిష్ జర్నల్ వ్యాసాలకైతే 2025 జనవరి నుంచి 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' వచ్చింది. కేంద్ర ప్రభుత్వం మూడేళ్ళకు ఆరువేల కోట్లు పెట్టి దాదాపు 13,000 జర్నళ్ళు ప్రభుత్వ విద్యాసంస్థలకు తెరిచింది. మీ కాలేజీ అందులో నమోదైందో లేదో రేపే కనుక్కో. లైబ్రరీలను కలిపే డెల్‌నెట్‌లో సభ్యత్వం ఉంటే వేరే లైబ్రరీలో ఉన్న వ్యాసాన్ని వాళ్ళే స్కాన్ చేసి పంపేలా అడగవచ్చు. ఇవన్నీ చూసినా దొరకని పుస్తకం, లేదా దొరికినా చదవలేని స్కానే మన పని. అట్లా చూస్తే పని బాగా తగ్గుతుంది. మిగిలిన పనికి విలువ మాత్రం పెరుగుతుంది.

ఈ వెతుకులాటలో మన జిల్లాకు ఒక ప్రత్యేకమైన చిక్కుంది. ఇది లైబ్రరీ సైన్సు పాఠంలో ఉండదు. పెద్దపల్లి జిల్లా 2016 అక్టోబర్ 11న పుట్టింది. అంతకు ముందు రాసిన ప్రతి పుస్తకంలో మన ఊళ్ళన్నీ కరీంనగర్ కింద ఉంటాయి. 1905కు ముందు వెళ్తే కరీంనగర్ జిల్లానే లేదు, ఎల్గందల్ ఉంది. మంథని మీద పని చేస్తున్న పిల్లవాడు పెద్దపల్లి అని కొడితే నిజాం కాలపు గెజిటీర్ దొరకదు, ఎల్గందల్ అని కొట్టాలని వాడికి ఎవరు చెప్తారు? నువ్వు చెప్పాలి. స్కాన్ చేసిన పుస్తకానికి వివరాలు రాసేటప్పుడు ఊరి పక్కన ఇప్పటి జిల్లా, పాత జిల్లా, అంతకు ముందు జిల్లా మూడూ రాయి. పేరు తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లిష్ అక్షరాల్లో అందరూ రాసే తీరులో ఒకసారి రాయి. ముద్రణ సంవత్సరం, ప్రెస్సు, కూర్పు అట్ట వెనక చూసి ఎక్కించు. ఇది అరగంట పని. ఈ అరగంట పెట్టకపోతే స్కాన్ చేసిన రెండు రోజులూ గోదాట్లో కలిసినట్టే.

స్కానింగ్ గురించి ఇప్పుడు కొంచెం తీరిగ్గా చెప్తా. ఎందుకంటే ప్రపోజల్ అనగానే అందరూ ముందు ఖరీదైన యంత్రం పేరు రాస్తారు. జిరాక్స్ మిషన్ లాంటి ఫ్లాట్ స్కానర్ మీద పాత పుస్తకాన్ని బోర్లా పెట్టి అదిమితే నడుము విరుగుతుంది. అదమకపోతే లోపలి అంచు నల్లగా పడి వాక్యాల చివరి అక్షరాలు మాయమవుతాయి. పుస్తకం వెల్లకిలా ఉండాలి, పైనుంచి కెమెరా చూడాలి. నూట ఎనభై డిగ్రీలు తెరవకుండా, తొంభై, వంద డిగ్రీల దగ్గర ఆపి, వి ఆకారపు చెక్క తొట్టిలో కూర్చోబెడితే కుట్టు మీద బరువు పడదు. ఆ తొట్టిని నీ దగ్గర ఉన్న వడ్రంగి కొలతలిస్తే ఒక్క పూటలో చేస్తాడు. పుస్తకానికి రెండువైపులా ఏటవాలుగా రెండు లైట్లు పెట్టు. కిటికీ వెలుగును నమ్ముకోకు, మబ్బు పడితే ఒక పేజీ పసుపు, ఒక పేజీ నీలం వస్తుంది. రిజల్యూషన్ 300 డీపీఐకి తగ్గవద్దు, ఫుట్‌నోట్లు సన్నగా ఉన్న పుస్తకానికి 400 పెట్టు. రంగులో గానీ గ్రేలో గానీ తీయి, పూర్తి నలుపు తెలుపు వద్దు. ఎందుకో పైన చెప్పాను.

యాభైలు, అరవైలలో అచ్చయిన మన తెలుగు పుస్తకాల్లో ఎన్నో న్యూస్‌ప్రింట్ మీదే వచ్చాయి. అంచు గోధుమ రంగులోకి తిరిగి, మూల మడిస్తే అప్పడంలా విరిగి చేతిలో పడుతుంది. మన దగ్గర మే నెల ఎండల్లో అది మరీ పెళుసుగా ఉంటుంది. అటువంటి పుస్తకాన్ని వానలు మొదలయ్యాక ముట్టుకో. వేలికి ఉమ్మి అద్ది పేజీ తిప్పేవాళ్ళను టేబుల్ దగ్గరికి రానివ్వకు. ఏ కారణం చెప్పినా సరే, స్కాన్ కోసం నడుము కోయనివ్వకు. "కోసేస్తే తొందరగా అవుతుంది కదా మేడమ్" అనేవాడు తప్పకుండా ఒకడు వస్తాడు.

తీసిన బొమ్మలను స్కాన్‌టైలర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేస్తే రెండు పేజీలను విడదీసి, వంకర సరిచేసి, అంచులు సమం చేస్తుంది. అంతా అయ్యాక పేజీల నెంబర్లు ఒకటి నుంచి చివరిదాకా ఒక మనిషి కూర్చుని లెక్కపెట్టాలి. యంత్రం ఈ పని చేయదు. మధ్యలో మడత పెట్టిన పటం ఉందా, తప్పొప్పుల పట్టిక ఉందా, వెనక అట్ట మీద ఆ ప్రెస్సు వేసిన ఇతర పుస్తకాల జాబితా ఉందా చూడాలి. ఆ జాబితా పరిశోధకుడికి బంగారం. చాలామంది దాన్ని ప్రకటన అనుకుని వదిలేస్తారు. తర్వాత బొమ్మను అక్షరాలుగా మార్చే ఓసీఆర్ చేయించు. పాత అచ్చు అక్షరాలకు, బండి ఱ ఉన్న మాటలకు తప్పులు వస్తాయి, వెతకడానికి మాత్రం పనికొస్తుంది. కాపీరైట్ తీరిన పుస్తకమైతే తెలుగు వికీసోర్స్‌లో పెట్టు. అక్కడ ఓపికగా దిద్దేవాళ్ళు ఉన్నారు. అసలు బొమ్మల ఫైళ్ళు రెండు హార్డ్ డిస్కుల్లో, రెండు వేర్వేరు గదుల్లో ఉండాలి.

చట్టం సంగతి. దీనికి భయపడి కొందరు లైబ్రేరియన్లు ఏమీ చేయరు, ఏమీ తెలియక ఇంకొందరు అన్నీ చేసేస్తారు. కాపీరైట్ మన దేశంలో రచయిత జీవితకాలం, ఆపైన అరవై ఏళ్ళు. చనిపోయిన సంవత్సరానికి అరవై కలుపు. ఆ ఏడాది డిసెంబర్ 31 దాటితే పుస్తకం అందరిదీ. సురవరం ప్రతాపరెడ్డి గారు 1953లో పోయారు, కాబట్టి 2014 నుంచి ఆంధ్రుల సాంఘిక చరిత్ర ఎవరైనా అచ్చు వేయవచ్చు, ఎన్ని కాపీలైనా ఇవ్వవచ్చు. విశ్వనాథ సత్యనారాయణ గారు 1959 నుంచి 1961 దాకా మన కరీంనగర్ కాలేజీకే ప్రిన్సిపాల్‌గా ఉన్నారు. ఆయన వేయిపడగలును మన మంథని ఎమ్మెల్యేగా చేసిన పీవీ గారు హిందీలోకి తెచ్చారు. మనవాడే అన్నంత దగ్గరితనం ఉన్నా, విశ్వనాథ గారు 1976లో పోయారు గనుక 2036 చివరిదాకా పుస్తకం మొత్తం స్కాన్ చేసి పంచిపెట్టే హక్కు మనకు లేదు. ప్రభుత్వం వేసిన పుస్తకాలకు లెక్క వేరు, అచ్చయిన సంవత్సరం నుంచి అరవై. 1974 శాసనాల సంపుటానికి 2034 దాకా ఆగాలి.

ఆగాలంటే తలుపు మూసుకుని కూర్చోవాలని కాదు. ఒక విద్యార్థి తన పరిశోధన కోసం ఒక అధ్యాయమో, కొన్ని శాసన పాఠాలో కాపీ తీసుకోవడానికి సెక్షన్ 52 ఒప్పుకుంటుంది. దేశంలో అమ్మకానికి దొరకని పుస్తకమైతే లైబ్రరీ తన వాడకం కోసం మూడు కాపీల దాకా చేసుకోవచ్చు. తన దగ్గర కాగితపు ప్రతి ఉంటే భద్రత కోసం ఎలక్ట్రానిక్ ప్రతి దాచుకోవచ్చు. ఈ చివరి వెసులుబాటు 2012 సవరణతో చేరింది. చట్టం ఇక్కడ "లాభాపేక్ష లేని పబ్లిక్ లైబ్రరీ" అన్నది. మీది కాలేజీ లైబ్రరీ. బయటి చదువరులకు కూడా కూర్చుని చదువుకునే వీలిస్తే ఆ మాట మీకు మరింత గట్టిగా వర్తిస్తుందని నా అభిప్రాయం. ఎట్లాగూ ఇవ్వాల్సిందే కదా. పాఠం కోసం సార్లు కూర్చే కోర్స్ ప్యాకుల మీద ఢిల్లీ విశ్వవిద్యాలయంలో పెద్ద గొడవే జరిగింది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురణకర్తలు క్యాంపస్‌లోని రామేశ్వరి ఫోటోకాపీ అనే చిన్న జిరాక్స్ షాపు మీద 2012లో కేసు వేశారు. 2016 సెప్టెంబర్ 16న హైకోర్టు ఆ కేసు కొట్టేసింది, డిసెంబర్‌లో డివిజన్ బెంచి కూడా చదువు చెప్పే అవసరానికి కాపీ తీయడం తప్పు కాదనే మాట నిలిపింది. తర్వాత ప్రచురణకర్తలే వెనక్కి తగ్గారు. నీ దగ్గరికి వచ్చే ప్రతి సారుకూ ఈ కేసు చెప్పు. దాంతోపాటే, మొత్తం టెక్స్ట్‌బుక్ పీడీఎఫ్ చేసి కాలేజీ వాట్సాప్ గ్రూపులో పెట్టమని ఎవరైనా అడిగితే కుదరదని చెప్పు. అది చదువు కోసం కాపీ కాదు, షాపులో అమ్మే పుస్తకానికి గండి కొట్టడం.

చూపు లేని పిల్లల విషయంలో మాత్రం ఏ సంకోచం వద్దు. కాపీరైట్ ఉన్న పుస్తకమైనా సరే, వాళ్ళు చదవగలిగే రూపంలోకి మార్చి ఇవ్వడానికి మన చట్టం దారి ఇచ్చింది. అటువంటి హక్కు కోసం కుదిరిన మర్రాకేష్ ఒప్పందాన్ని 2014లో అందరికన్నా ముందు ఆమోదించిన దేశం మనదే. వాళ్ళ కోసమే సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ లైబ్రరీ 2016 నుంచి ఉంది. తెలుగు పుస్తకం అక్కడ లేకపోతే ఓసీఆర్ చేసి, తప్పులు దిద్ది ఇవ్వు. ఈ చీటీలను వరసలో అన్నిటికన్నా పైన పెట్టు.

ఇక అచ్చు. "అందరి చేతుల్లో ఫోన్లుండగా ప్రింటు ఎందుకు మేడమ్" అని నిన్ను ఎగతాళి చేస్తారు. హాస్టల్లో ఫోన్ తెర మీద మూడు వందల పేజీల పీడీఎఫ్‌ను వేళ్ళతో పెద్దది చేసుకుంటూ, అటూ ఇటూ జరుపుకుంటూ చదివే పిల్లను చూసినవాడు ఆ మాట అనడు. శాసనాలు చదివేవాళ్ళకు పక్కన పెన్సిల్‌తో రాసుకునే చోటుండాలి. కాగితం కావాలన్నవాళ్ళకు కాగితం ఇవ్వు.

మన పాత పుస్తకాలు చాలావరకు 1/8 క్రౌన్, 1/8 డెమ్మీ సైజులు. డెమ్మీ పుస్తకం ఏ-5 కాగితానికి ఇంచుమించు సరిపోతుంది. అక్షరాలు చిన్నవి చేయాల్సిన పని లేదు. ఏ-4 షీటుకు అటూ ఇటూ కలిపి నాలుగు పేజీలు పడతాయి కాబట్టి, 300 పేజీల పుస్తకానికి 75 షీట్లు చాలు. నాలుగైదు షీట్లు కలిపి మడిచి ఒక ఫారం చేసి, ఫారాలన్నీ దారంతో కుట్టిస్తే పుస్తకం విచ్చుకుని టేబుల్ మీద నిలుస్తుంది. గమ్ బైండింగ్ చేస్తే రెండోసారి చదివేసరికి పేజీలు ఊడతాయి. స్పైరల్ చవక, కానీ బీరువాలో నిలబెడితే పక్క పుస్తకాన్ని గీరుతుంది, వీపు మీద పేరు రాసే చోటు ఉండదు. లైబ్రరీలో ఉంచే ప్రతికి కాలికో బైండింగ్, పిల్లకు ఇచ్చే ప్రతికి మామూలు అట్ట చాలు. రిజిస్టర్లు కుట్టే బైండర్లు కరీంనగర్‌లోనూ, మన పెద్దపల్లిలోనూ ఇంకా మిగిలారు, ఎక్కువమంది లేరు. వాళ్ళలో ఒకాయనను మాట్లాడుకో. పని కుదిరితే ఆయనకూ ఒక ఆదరువు.

డబ్బు దగ్గర మెతకగా ఉండకు, ఆశగా కూడా ఉండకు. కాగితం, టోనరు, కుట్టు కూలి ఎంతైతే అంతే తీసుకో. రేటు గోడ మీద తెలుగులో రాసి పెట్టు, ప్రతి పైసాకు రసీదివ్వు. స్కానింగ్‌కు మాత్రం పైసలు తీసుకోకు. ఎందుకంటే ఆ ఫైలు చివరికి లైబ్రరీ ఆస్తి అవుతుంది. పరీక్షల సీజన్‌లో కొత్త చీటీలు ఆపు, లేకపోతే పాత ప్రశ్నపత్రాల జిరాక్సులతోనే నీ పొద్దు గడుస్తుంది.

చీటీల కోసం ఒక రిజిస్టరు పెట్టు. తేదీ, అడిగిన మనిషి చదువుతున్న తరగతి, పుస్తకం, ఎక్కడెక్కడ వెతికావు, దొరికిందా, స్కాన్ చేశావా, కాపీరైట్ లెక్క ఏమిటి, ఇచ్చింది ఫైలా కాగితమా అన్నీ రాయి. ఏడాది తిరిగాక కాలేజీ నాణ్యతను అంచనా వేసే నాక్ టీం వచ్చినప్పుడు కొత్త కంప్యూటర్ గది చూపించేకన్నా ఈ రిజిస్టరు చూపించు. రిబ్బన్ కట్ చేసి తెరిచిన డిజిటల్ లైబ్రరీ గదులు, ఆ తర్వాత తాళాలు పడి యూపీఎస్ బ్యాటరీలు ఉబ్బిన గదులు నా సర్వీసులో చాలా చూశాను. ఎవరు ఏమి అడిగారో రాసి పెట్టుకున్న లైబ్రరీలు మాత్రం తక్కువ చూశాను.

కాబట్టి ప్రపోజల్‌ను రెండు పేజీలకు కుదించు. ఒక గట్టి టేబులు, చెక్క తొట్టి, రెండు లైట్లు, ఒక కెమెరా, స్టాండు, రెండు హార్డ్ డిస్కులు, రెండు వైపులా అచ్చేసే లేజర్ ప్రింటరు, ఒక పార్ట్‌టైం మనిషి అడుగు. "అన్నీ" ఎప్పుడవుతాయని సారు అడిగితే, అడిగినవన్నీ అవుతాయని చెప్పు. ముసాయిదా రాయగానే నాకు పంపు, దిద్ది వారంలో తిప్పి పంపుతా. అమ్మను అడిగానని చెప్పు.

ఇట్లు
మీ మామ